474 దగ్గర తెగిన లెక్క: హైదరాబాద్ చుట్టూ నంబర్లు మారిన రోడ్ల మీద నాలుగు రోజులు

హైదరాబాద్‌లో ఎవరినైనా ఆపి "44వ నంబరు జాతీయ రహదారి ఎటు?" అని అడిగితే జవాబు రాదు. "బెంగళూరు హైవే" అంటే వెంటనే చెయ్యి చూపిస్తారు. అదే రోడ్డు మేడ్చల్ వైపు "నాగ్‌పూర్ హైవే" అవుతుంది. విజయవాడ హైవే, వరంగల్ హైవే, బాంబే హైవే, బీజాపూర్ రోడ్డు, సాగర్ రోడ్డు... ఏ దారైనా చేరే ఊరి పేరే దాని పేరు. నంబర్లు ఢిల్లీలో ఎన్నిసార్లు మారినా ఈ పిలుపులు మారలేదు.

2010లో కేంద్రం జాతీయ రహదారులన్నిటికీ కొత్త నంబర్లు వేసింది. ఉత్తర దక్షిణాలుగా సాగేవాటికి సరి సంఖ్యలు, అవి తూర్పు నుంచి పడమరకు పోయేకొద్దీ పెరుగుతాయి. తూర్పు పడమరలుగా సాగేవాటికి బేసి సంఖ్యలు, ఉత్తరం నుంచి కిందికి దిగేకొద్దీ పెరుగుతాయి. దాంతో వారణాసి–కన్యాకుమారి 7 మన దగ్గర 44 అయింది. పుణె–మచిలీపట్నం 9 కాస్తా 65, హైదరాబాద్–భూపాలపట్నం 202 కాస్తా 163 అయ్యాయి.

ఇక్కడిదాకా బాగానే ఉంది. పాత నంబర్లను ఖాళీగా ఉంచలేదు, తిప్పలన్నీ అక్కడే. ఇప్పటి 7 పంజాబ్‌లోని ఫాజిల్కాలో మొదలై బదరీనాథ్ దాటి మాణా దాకా పోతుంది. ఇప్పటి 9 మలౌట్ నుంచి ఢిల్లీ మీదుగా అస్కోట్‌కు. నిజామాబాద్ నుంచి జగదల్‌పూర్ పోయే రోడ్డు పాత లెక్కలో 16, ఇప్పుడది 63లో భాగం. ఇప్పుడు 16 అంటే కోల్‌కతా–చెన్నై రోడ్డు, అంటే కోస్తావాళ్లు ఏళ్ల తరబడి 5 అని పిలిచినది. పాత 63 అంకోలా నుంచి గుత్తికి పోయేది. పాత అట్లాసు ఒక చేతిలో, ఫోను ఇంకో చేతిలో పెట్టుకుని బయల్దేరితే మొదటి కూడలిలోనే తల తిరుగుతుంది.

అందుకే నంబరును నమ్ముకోకుండా కిలోమీటరు రాళ్లను చదువుకుంటూ తిరగడం మేలు. జాతీయ రహదారి రాయికి తల పసుపు, రాష్ట్ర రహదారి రాయికి ఆకుపచ్చ, పల్లె రోడ్డు రాయికి నారింజ. ప్రతి ఐదో కిలోమీటరు రాయి మిగతావాటికంటే పెద్దది. మధ్యలో 200 మీటర్లకొకటి చిన్న రాళ్లుంటాయి. రాయి మీద రెండు రకాల అంకెలుంటాయి. ఒకటి రాబోయే ఊరికి ఎంత దూరమో చెప్పేది, రెండోది రోడ్డు మొదటి నుంచి ఆ చోటికి లెక్క. మనకు కావలసింది రెండోది.

సామాను పెద్దగా అక్కర్లేదు: మెత్తటి కుంచె బ్రష్షు, నీళ్ల సీసా, సుద్దముక్క. చెక్కిన అక్షరాల మీద సుద్దను అడ్డంగా పెట్టి తేలిగ్గా రుద్దితే గుంటలు నల్లగా, మిగతాది తెల్లగా తేలుతుంది. పెయింటు గీకకూడదు, గీకితే కింద ఉన్న పాత రంగు కూడా పోతుంది. ఫొటో ఉదయం 8 లోపు తీయాలి. ఎండ పక్కనుంచి పడితేనే చెక్కుడు కనబడుతుంది. వానాకాలం వెళ్లిన కొత్తలో రాయి మొదట్లో గడ్డి ఎత్తుగా ఉంటుంది, కర్రతో కదిపి చూడకుండా చెయ్యి పెట్టొద్దు.

మొదటి రోజు, శనివారం: ఆరాంఘర్, షాద్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి

రోజు మొత్తానికి సుమారు 220 కిలోమీటర్లు. లీటరు 107 దాటిన పెట్రోలు, లీటరుకు 16 ఇచ్చే కారు అనుకుంటే ఇంధనానికే దాదాపు 1,500 రూపాయలు.

పాత 7 మీద నాలుగు వరసల (లేన్ల) పని జరిగినప్పుడు దాన్ని ముక్కలుగా కోశారు. దక్షిణం వైపు మొదటి ముక్క శివరాంపల్లి నుంచి తొండపల్లి, కి.మీ. 9.400 నుంచి 22.300. తర్వాతిది తొండపల్లి నుంచి జడ్చర్ల, 22.300 నుంచి 80.050. అంటే వారణాసిలో మొదలైన రోడ్డుకు ఇక్కడ లెక్క హైదరాబాద్ నుంచే. దేశం మొత్తానికి నంబరు ఒకటే అయినా కిలోమీటర్ల లెక్క ముక్క ముక్కకు వేరు. ఈ సంగతి తెలియక "కి.మీ. 60 దగ్గర" అన్న పాత కాగితం పట్టుకుని వేరే ముక్కలో వెతికితే రోజంతా వృథా.

తొండపల్లి దగ్గర కారు మీటరు సున్నా చేసి 22.3 కలుపుకుంటూ పోతే చాలు. కారు మీటరు వందకు రెండు మూడు కిలోమీటర్లు తేడా చూపిస్తుంది కాబట్టి ప్రతి ఐదో కిలోమీటరు పెద్ద రాయి దగ్గర సరిచూసుకోవాలి.

షాద్‌నగర్‌లో బైపాస్ వదిలి ఊళ్లోకి దిగాలి. బైపాస్ వచ్చాక ఊళ్లోని పాత ముక్కకు ఒకసారి మరమ్మతు చేసి రాష్ట్రానికి అప్పగించడం పద్ధతి. అక్కడితో ఆ ముక్కకు జాతీయ నంబరు పోతుంది, రోడ్డు మాత్రం ఎక్కడికీ పోదు. గుర్తుపట్టడం తేలికే. ఊరి రోడ్డుకు అవసరమైనదానికంటే వెడల్పు, లారీలు తిరగడానికి వీలుగా విశాలమైన ముంగిలి ఉన్న పాత పెట్రోలు బంకు, వరసగా టైర్ల కొట్లు, లారీ బాడీ షెడ్లు, రోడ్డుకు ఎదురుగా బస్టాండు. రాళ్లు పోయినా ఇవి మిగులుతాయి.

సీతాఫలాల కాలంలో ఈ దారిన పోతే బాలానగర్‌లో ఆగకుండా ఉండలేరు. సీతాఫలాల్లో బాలానగర్ రకం అంటే ఈ ఊరి పేరే. గంపలు రోడ్డు పక్కనే. పెద్ద గంప 300 చెప్పి 220కి ఇచ్చారు. కాయ పచ్చగా ఉన్నా కన్ను విచ్చి, కళ్ల మధ్య గీతలు పసుపు తెలుపుగా కనబడితే రెండు రోజుల్లో పండుతుంది. గీతలు మూసుకుని ఉన్న కాయ పండదు, నల్లబడుతుంది. గంప పై వరస చూసి మోసపోవద్దు, అడుగు వరస తీయించి చూడండి. వాళ్లేమీ అనుకోరు. గంపల దగ్గర కూర్చున్న పెద్దమ్మను రోడ్డు నంబరు అడిగితే నవ్వింది. "నంబరు నాకేమెర్క బిడ్డా. రాయికాడ ఆపుమంటే బస్సాయన ఆపుతడు, గంతే."

జడ్చర్లలో అందరూ తప్పే చోటు ఒకటుంది. 44ను ఇక్కడ 167 దాటుతుంది. బళ్ళారి దగ్గరి హగరి నుంచి ఆదోని, మంత్రాలయం, రాయచూరు, మహబూబ్‌నగర్ మీదుగా వచ్చి, ఇటు కల్వకుర్తి, మిర్యాలగూడ, కోదాడ వైపు సాగుతుంది. కుడికి తిరిగినా ఎడమకు తిరిగినా బోర్డు మీద 167 అనే ఉంటుంది. నంబరు చూసి తిరిగితే పాలమూరులో తేలతారు. ఊరి పేరు చదవాలి, కల్వకుర్తి.

మూడంకెల నంబరులో చివరి రెండు అంకెలు తల్లి రోడ్డువి, మొదటి అంకె ఎన్నో కొమ్మో చెబుతుంది. 167 అంటే 67కు మొదటి కొమ్మ. పాత పద్ధతిలో ఇలా లేదు, 202 అనేది 2కు కొమ్మ కాదు, వరసలో వచ్చిన అంకె అంతే.

కల్వకుర్తిలో జొన్నరొట్టె ఒకటి 25, దాంతో పప్పు, పచ్చిమిర్చి తొక్కు, కోసిన ఉల్లిగడ్డ ఊరికే. రొట్టె పెనం మీదినుంచి నేరుగా కంచంలోకి వస్తుంది. ముందే నాలుగు చెప్పేస్తే నాలుగోది తోలులా సాగుతుంది, ఒకటి తింటూ ఇంకొకటి చెప్పాలి.

ఇక్కడ 167ను 765 దాటుతుంది. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు చాలాకాలం రాష్ట్ర రహదారిగా ఉండి తర్వాత జాతీయ రహదారి అయింది. వెల్దండ, ఆమనగల్లు, కడ్తాల్ మీదుగా తిరిగి వస్తుంటే కొన్ని రాళ్ల తల మీద పసుపు పొరలు లేచి కింద ఆకుపచ్చ కనబడుతుంది. కాగితాల కంటే ముందు ఆ రాయే చెప్పేస్తుంది. మైసిగండి దగ్గర కొత్త బండ్ల పూజల కోసం ఎప్పుడూ జనమే. బండ్లు రోడ్డు అంచునే ఆపుతారు, అక్కడ వేగం తగ్గించక తప్పదు. ఈ దారిలో శ్రీశైలం దాకా పోవాలనుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది మన్ననూరు అటవీ గేటు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. సాయంత్రం 5 లోపు నగరం దాటకపోతే నిద్ర కారులోనే.

రెండో రోజు, ఆదివారం: హయత్‌నగర్, నకిరేకల్, భువనగిరి

ఎల్బీనగర్ దాటాక హయత్‌నగర్‌లో రోడ్డుకు దగ్గరలోనే హయాత్ బక్షీ బేగం కట్టించిన మసీదు, దాని చుట్టూ సరాయి గదుల వరస. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే బాటసారులకు 17వ శతాబ్దపు మజిలీ అది. వరసగా కమాను గదులు, మధ్యలో వెడల్పైన ఆవరణ, కాస్త అవతల హాథీ బావి. ఇప్పటి హైవే హోటళ్లకు కారు పార్కింగు ఎంత ముఖ్యమో అప్పుడు ఏనుగులకు నీళ్లు అంత ముఖ్యం. ప్రార్థన వేళ తప్పించి వెళ్తే నింపాదిగా చూడొచ్చు, చెప్పులు బయటే. 9 పోయి 65 వచ్చింది గానీ ఈ దారికి అంతకుముందు వందల ఏళ్లు నంబరే లేదు. పక్కన ఇరానీ చాయ్ 20, ఉస్మానియా బిస్కట్ 5.

చౌటుప్పల్‌కు ముందు మల్కాపూర్ దగ్గర లెక్క తేటగా దొరుకుతుంది. ఈ రోడ్డును నాలుగు వరసలు చేసిన పని కి.మీ. 40.000 నుంచి 221.500 దాకా, నందిగామ వైపు. రోడ్డు పుణెలో మొదలైనా ఇక్కడ లెక్క హైదరాబాద్ నుంచే. నిన్నటి సూత్రమే. విజయవాడవాళ్లు ఈ రోడ్డును "హైదరాబాద్ రోడ్డు" అనడం, హైదరాబాద్‌వాళ్లు "విజయవాడ రోడ్డు" అనడం ఎంత సహజమో రాళ్ల లెక్క కూడా అంత సహజం.

పంతంగి టోలు ఆదివారం సాయంత్రం నరకం. ఉదయం దాటేస్తే ఇబ్బంది లేదు. 24 గంటల్లో అదే టోలు మీదుగా తిరిగొస్తే రానూపోనూ కలిపి ఒకవైపు రుసుముకు ఒకటిన్నర రెట్లే పడుతుంది. ఈ రోజు తిరుగుదారి వేరు కాబట్టి ఆ లాభం లేదు.

నార్కట్‌పల్లిలో కుడికి విడిపోయేది అద్దంకి రోడ్డు. నల్లగొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా పోయే నాలుగు వరసల రాష్ట్ర రహదారి. గుంటూరు, ఒంగోలు వైపు పోయేవాళ్లంతా ఇక్కడ దిగిపోతారు. దాని నంబరు 2 అని ఆ రోడ్డున రోజూ పోయే డ్రైవర్లలో ఎవరికీ పట్టదు, "అద్దంకి రోడ్డు" అంతే. జాతీయ నంబరు లేనంత మాత్రాన చిన్న రోడ్డనుకోవద్దు. మూడంకెల జాతీయ రహదారులు కొన్ని దీని ముందు బండ్ల బాటలు.

నకిరేకల్ దగ్గర ఇంకో తిరకాసు. ఇక్కడే 365, 565 రెండూ మొదలవుతాయి. రెండూ 65 కొమ్మలే కాబట్టి చివరి అంకెలు ఒకటే, తొందరలో చూపు వాటి మీదే ఆగుతుంది. 365 తుంగతుర్తి, మహబూబాబాద్, నర్సంపేట వైపు ఉత్తరానికి పోతుంది. 565 నల్లగొండ, నాగార్జునసాగర్, మాచర్ల మీదుగా ఏర్పేడు దాకా దక్షిణానికి. పొరబాటున 365 ఎక్కి, రాయి మీద నల్లగొండ బదులు తుంగతుర్తి చూసి వెనక్కి తిరగడానికి అరగంట పట్టింది. అక్కడ టీ కొట్టు ఆయన ఓదార్పు: "రోజుకు నలుగురైనా తిరుగుతరు సార్." టీ 12. చక్కెర తక్కువ అని ముందే చెప్పాలి, లేకుంటే పానకమే.

చిట్యాలకు వెనక్కి వచ్చి రామన్నపేట, వలిగొండ మీదుగా భువనగిరి. పొలాల మధ్య రోడ్డు, వరి కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. రాత్రి నల్ల టార్పాలిన్ కప్పి అంచుకు రాళ్లు పెడతారు, చీకట్లో అవి కనబడవు. ఈ ముక్క వెలుగుండగానే దాటాలి. భువనగిరిలో ఒక్క బండ మీద నిలిచిన కోట కింద పాత 202, ఇప్పటి 163. అక్కడినుంచి బీబీనగర్, ఘట్‌కేసర్, ఉప్పల్.

మూడో రోజు, తర్వాతి శనివారం: చేవెళ్ల

చిన్న రోజు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు.

ఇదీ 163యే. వరంగల్ హైవే, బీజాపూర్ రోడ్డు రెండూ ఒకే నంబరని చెబితే రెండు వైపులవాళ్లూ నమ్మరు. కొడంగల్ నుంచి వచ్చి నగరాన్ని దాటి ఛత్తీస్‌గఢ్‌లోని భూపాలపట్నం దాకా ఒకటే రోడ్డు. ఇందులో తమాషా ఏమిటంటే జనం బీజాపూర్ అనేది కర్ణాటక బీజాపూర్‌ను, దాని పేరు 2014లో విజయపుర అయింది. రోడ్డు రెండో కొసన ఉన్న భూపాలపట్నం ఉండేదేమో ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో. ఆ కొసను చూసి పెట్టిన పేరు ఈ కొసన కూడా నిజమైందన్నమాట.

మొయినాబాద్ దాటాక మర్రిచెట్లు మొదలవుతాయి. ఈ ముక్కలో తొమ్మిది వందలకు పైగా మర్రులను లెక్కపెట్టారు. నాలుగు వరసల విస్తరణలో వీటిని ఏంచేయాలన్న తగవు జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా పోయింది. మర్రి ఊడలు లారీల ఎత్తుకు కత్తిరించినట్టు ఒకే గీతలో ఉంటాయి. ఎవరూ కత్తిరించలేదు, బండ్ల పైభాగాలు రాసుకుని రాసుకుని అలా అయ్యాయి. పాత రోడ్డు వెడల్పు తెలుసుకోవడానికి రాళ్లకంటే ఇవే మేలు. ఎదురెదురు మొదళ్ల మధ్య టేపు పెట్టి కొలవాలనుకుంటే ఆదివారం పొద్దున్నే, ఇద్దరు మనుషులతోనే. టిప్పర్లు ఆగవు. రెండు వరసల రోడ్డు, అంచు దిగితే గుంత, ముందు బండిని దాటబోయేవాళ్లు ఎక్కువ. చెట్ల నీడలో ఎదురు బండి ఆలస్యంగా కనబడుతుంది కాబట్టి పగలే లైట్లు వేసుకోవాలి.

చేవెళ్లలో బంతిపూలు కిలో 60కి ఇచ్చారు. కూరగాయలు పొద్దున్నే నగరానికి వెళ్లిపోతాయి, 10 దాటితే మిగిలేది ఏరినవే.

నాలుగో రోజు, ఆదివారం: సిద్దిపేట, మెదక్, నర్సాపూర్, బోయిన్‌పల్లి

శామీర్‌పేట నుంచి ఆకుపచ్చ తలలు. రాజీవ్ రహదారి తెలంగాణలో ఒకటో నంబరు రాష్ట్ర రహదారి, కరీంనగర్ మీదుగా రామగుండం వైపు నాలుగు వరసలు. టోలు ఉన్న రాష్ట్ర రహదారి ఇది. దుద్దెడ దగ్గర కట్టాలి. ప్రజ్ఞాపూర్‌లో ఇడ్లీ నాలుగు 40, పల్లీ చట్నీ అడగకుండానే రెండోసారి పోస్తారు. వద్దనాలంటే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాలి, నోటితో చెబితే మర్యాదకు అంటున్నారనుకుంటారు.

సిద్దిపేటలో రాజీవ్ రహదారి వదిలి పడమరకు తిరిగితే 765డీజీ. ఎల్కతుర్తి నుంచి సిద్దిపేట, రామాయంపేట మీదుగా మెదక్‌కు. పేరు విప్పి చూడండి. తల్లి 65, దాని ఏడో కొమ్మ 765, అంకెలు తొమ్మిదితో అయిపోతాయి కాబట్టి తర్వాతి తరానికి అక్షరాలు, 765డీ. దాని సంతానం 765డీజీ. 765 శ్రీశైలం అడవిలో ఉంటే, దాని పేరు మోసే 765డీ మెదక్ వైపు. ఇంటిపేరు తప్ప చుట్టరికం కనబడదు. సంగారెడ్డి, తూప్రాన్, గజ్వేల్, చౌటుప్పల్ కలిపే 161ఏఏ కూడా ఇదే కోవ, నగరం చుట్టూ తలపెట్టిన ప్రాంతీయ వలయ రహదారి ఉత్తర భాగానికి అదే నంబరు.

రామాయంపేటలో 44 అడ్డంగా వస్తుంది. ఇది పాత 7. ఇక్కడి రాళ్ల లెక్క దక్షిణం వైపు లెక్క కాదు, నాగ్‌పూర్ నుంచి పెరుగుతూ వచ్చినది. అడ్లూరు ఎల్లారెడ్డి నుంచి గుండ్లపోచంపల్లి ముక్క కి.మీ. 367 నుంచి 464. చిన్న అంకెలు వెతికితే దొరకవు.

మెదక్‌లో 1924 డిసెంబర్ 25న ప్రారంభమైన చర్చి. ఆదివారం ఉదయం ఆరాధన అయ్యేదాకా ఆగి లోపలికి వెళ్లాలి. బయట బఠాణీలు, మరమరాలు పొట్లం 20. అక్కడినుంచి కౌడిపల్లి, నర్సాపూర్ మీదుగా 765డీ. నర్సాపూర్ అడవిలో కోతులకు తిండి వేయడానికి బండ్లు వంపుల్లోనే ఆపుతారు. వంపు అవతల ఆగిన బండి ఉందనుకునే నడపాలి. గుమ్మడిదల దాటాక పరిశ్రమల లారీలు, గండిమైసమ్మ దాకా వేగం 30 దాటదు.

గండిమైసమ్మ నుంచి కొంపల్లి వైపు వచ్చి, గుండ్లపోచంపల్లి దగ్గర 464 అనుకుని మీటరు సున్నా చేయాలి. తర్వాతి ముక్క 474 దాకా, బోయిన్‌పల్లిలో. సుచిత్ర దాటేసరికి రాళ్లు వెతికే వీలుండదు. కాలువ పలకలు, ఫ్లెక్సీలు, పండ్ల బండ్లు. మీటరు పది చూపించిన చోట పండ్ల బండాయనను ఇక్కడ కిలోమీటరు రాయి ఉండేదా అని అడిగితే తన బండి చక్రం కింద పెట్టిన రాతిముక్క చూపించాడు. ఒక మూల పసుపు మరక. అంకె లేదు. అవతల శివరాంపల్లిలో లెక్క 9.4 దగ్గర మళ్లీ అందుకుంటుంది. మధ్యలో నగరం. జామకాయలు కిలో 80, ఉప్పూకారం ఊరికే.